తీరినదాన్ని ఎత్తకూడదు

అతను పోయాడన్న సంగతి నాకు మా కోర్టు ఎదురుగా ఉన్న టీ బడ్డీలో తెలిసింది. బడ్డీ ఆవిడ గ్లాసు అందిస్తూ, "మీ తీరిపోనాది మావ పోనాడంట కదమ్మా, ఇనలేదేటి?" అంది. వినలేదు. ఆ పూట నాకు రెండు వాయిదాలున్నాయి. లోపలికి వెళ్ళి వాటి పని చూసుకున్నాను గానీ ఏం వాదించానో మేజిస్ట్రేట్ గారికే తెలియాలి.

మా కోర్టులో అతని అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. బంట్రోతు నుంచి ప్రభుత్వ లాయరు గారి దాకా అందరికీ అతను 'తీరిపోనాది'యే. అది అతనికి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. మాది విజయనగరం. నాన్న వయొలిన్ నేర్పేవారు. ఇంట్లో అందరికీ సంగీతం వచ్చింది, నాకు మాత్రం ముక్కు మీద కోపం వచ్చింది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఈ చిన్న టౌనుకి రోజూ బస్సులో వచ్చి వెళ్తాను. లాయర్ని పెట్టుకునే తాహతు లేనివాళ్ళ కేసులు కోర్టు నాకు అప్పగిస్తుంది. వాళ్ళందరిలోకీ తాగి రోడ్డు మీద గొడవ చేసి వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. దండం పెట్టి, పిల్లల మీద ఒట్టేసి, మరి ముట్టనని చెప్పి వెళ్తారు. కొన్నాళ్ళకి అదే దండంతో మళ్ళీ వస్తారు.

ఇతను మొదటిసారి వచ్చినప్పుడు దండం పెట్టలేదు. యాభై దాటిన మనిషి, పొట్టివాడు, గట్టివాడు. బోనులో కాళ్ళు ఎడంగా పెట్టి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. కోర్టు ఎటువైపు ఒరుగుతుందోనని అనుమానం ఉన్నవాడిలా ఉన్నాడు. సముద్రం మీద చేపల వేటకెళ్ళేవాళ్ళు చాలామంది అలాగే నిలబడతారని తర్వాత తెలిసింది. గొంతు మాత్రం మరీ పెద్దది. పడవ మీద ఇంజను హోరులో అరిచి అరిచి అతను నెమ్మదిగా మాట్లాడటమనేది మర్చిపోయినట్టున్నాడు. "తాగినాను తల్లీ. అరిసినాను. ఆటోవోడి కాలర్ కూడా పట్టుకున్నాను. మీరేటి ఏస్తే అది కడతాను," అన్నాడు. బయట వరండాలో కునుకు తీస్తున్న కానిస్టేబులు లేచి నిలబడ్డాడు.

కొత్త చట్టం వచ్చిన తొలిరోజులవి. తాగి నలుగురిలో అల్లరి చేసినవాడికి జైలు, జరిమానాలతో పాటు సమాజసేవ కూడా శిక్షగా వెయ్యొచ్చని అందులో ఉంది. మా మేజిస్ట్రేట్ గారు చిన్న వయసావిడ, మాట తక్కువ. ఆవిడ ఇతన్ని కొన్నాళ్ళపాటు ఉదయం పూట బస్టాండు ఊడవమన్నారు. మా కోర్టులో ఆ శిక్ష పడ్డ మొదటి మనిషి అతనే. మిగతా లాయర్లు నవ్వుకున్నారు. ఈ మనిషి ఒకరోజు కనిపించి మర్నాటి నుంచి మాయమైపోతాడని నేనూ అనుకున్నాను.

నేను దిగేది ఆ బస్టాండులోనే కాబట్టి రోజూ అతన్ని చూసేదాన్ని. ఊడవడం అతనికి రాదు. పుట్టి బుద్ధెరిగాక చీపురు ముట్టిన మనిషి కాదని చూడగానే తెలిసిపోయేది. గాలికి ఎదురుగా ఊడ్చేవాడు. ఊడ్చిన చెత్తంతా తిరిగి అతని కాళ్ళ మీదికే వచ్చేది. బస్టాండులో జీతానికి ఊడ్చే ఆవిడ తల బాదుకుని, అతని వెనకాలే నడుస్తూ మళ్ళీ ఊడ్చేది. ఆవిడ తిట్లకి అతను ఏమీ అనుకునేవాడు కాదు. చెత్తకుండీ ఎక్కడుందో మాత్రం ప్రతిరోజూ అడిగేవాడు.

మొహానికి తువ్వాలు చుట్టుకుంటాడేమో అనుకున్నాను. అతను దాన్ని భుజం మీంచి తీసి నడుముకి బిగించాడు, అంతే. వాళ్ళ ఊరి ఆడవాళ్ళు చేపల గంపలతో బస్సు దిగుతూ, "ఏటి మావా, తప్పేసినారేటి?" అని అడిగేవారు. "ఏసినారే. కడతన్నాను," అని బస్టాండంతా వినబడేలా చెప్పేవాడు. వాళ్ళు తలూపి, గంపలు ఎత్తుకుని మార్కెట్టు దారి పట్టేవారు. ఎవరూ నవ్వేవారు కాదు.

నాకే ఆగలేక ఒకరోజు అడిగాను. ఇంతమంది చూస్తుంటే సిగ్గుగా లేదా అన్నాను, కొంచెం కటువుగానే. అతను చీపురు గోడకి ఆనించి, నా ఎదుట నేల మీద గొంతుక్కూర్చున్నాడు. బల్ల మీద కూర్చోమంటే ఎప్పుడూ వినేవాడు కాదు. "సిగ్గు పడితే కట్టినట్టేటమ్మా? కడితేనే కట్టినట్టు," అన్నాడు.

వాళ్ళ ఊరి పద్ధతి ఆ రోజే చెప్పాడు. తాగి కొట్టుకున్నా, ఒకరి వల ఇంకొకరు కోసినా పెద్దలు రామమందిరం ముందు కూర్చుని తప్పు వేస్తారు. ఒకరికి డబ్బు, ఇంకొకరికి పని, మనిషిని బట్టి. అది కట్టేదాకా ఆ మనిషి తువ్వాలు భుజం మీద వేసుకోకూడదు. కట్టేశాక ఊరి పెద్ద నలుగురిలో నిలబడి "తీరిపోనాది" అంటాడు. ఆ మాట అయ్యాక ఆ సంగతి మరి ఎవరూ ఎత్తకూడదు. పెళ్ళాం మొగుడితో పోట్లాటలో కూడా ఎత్తకూడదు. ఎత్తితే ఎత్తినవాళ్ళు చీపురు పట్టి రామమందిరం వాకిలి ఊడవాలి. ఊరిపెద్దయినా సరేనట. ఇదంతా అతను ఏదో గొప్ప సంగతిలా చెప్పలేదు, నాకు తెలియకపోవడమే అతనికి వింతగా ఉంది.

ఆఖరి రోజు చిక్కు వచ్చింది. పని అయిపోయింది, ఊడ్చే ఆవిడ చీపురు తీసేసుకుంది, ఇక వెళ్ళొచ్చు మావా అంది. అతను కదల్లేదు. తువ్వాలు నడుముకే ఉంది. నన్ను చూసి, "సెప్పమనమ్మా," అన్నాడు. ఏం చెప్పాలని అడిగాను. తీరిపోయిందని ఎవరో ఒక పెద్దమనిషి నలుగురిలో చెప్పాలట. కోర్టులో అలాంటి పద్ధతి లేదు, కాగితం మీద రాసుకుంటారు అని చెప్పి చూశాను. కాగితం నలుగురికీ వినపడదు కదా అన్నాడు. కోర్టు టైమైపోతోంది, నాకు చిరాకు పుట్టుకొస్తోంది. ఆ గొడవంతా కిటికీలోంచి చూస్తున్న బస్టాండు అనౌన్సరుకి ఏం తోచిందో గానీ మైకు అందుకున్నాడు. పాలకొండ బస్సు మూడో ప్లాట్‌ఫారం మీద సిద్ధంగా ఉందని చెప్పి, అదే గొంతుతో, అదే ఊపుతో, "బస్టాండు ఊడిసిన మావకి తీరిపోయిందండీ, తీరిపోయింది," అన్నాడు. బస్టాండంతా తలలెత్తి చూసింది. అతను నడుము నుంచి తువ్వాలు విప్పి, దులిపి, భుజం మీద వేసుకుని, అనౌన్సరుకి చెయ్యెత్తి చూపించి వెళ్ళిపోయాడు.

తాగుడు మాత్రం వెళ్ళిపోలేదు. కొన్ని నెలలకి, గంగమ్మ పండగ వెళ్ళిన వారంలో, అదే కానిస్టేబులు అతన్ని మళ్ళీ తీసుకొచ్చాడు. మళ్ళీ అదే ఆటో స్టాండు, అదే గోల. చూడగానే నాకు మండిపోయింది. బస్టాండు ఊడ్చిందంతా దండగైపోయింది కదా అన్నాను. అతను తల వంచుకున్నాడు. మరి తాగనని మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట అతను నాతో ఎప్పుడూ అనలేదు.

బోనులో యథాప్రకారం తాగానని ఒప్పుకున్నాడు. అప్పుడు ప్రభుత్వ లాయరు గారు లేచి, ఇతను కొత్తవాడు కాదనీ, ఇంతకుముందు ఇదే నేరానికి ఇదే కోర్టులో శిక్ష పడిందనీ, సమాజసేవ ఇతనికి పనిచెయ్యలేదనీ చెప్పసాగారు. అది ఆయన పని, ఆయన చేస్తున్నారు. బోనులోంచి ఇతని గొంతు లేచింది.

"అది తీరిపోనాది బాబు. మైకులో కూడా సెప్పినారు."

కోర్టు హాలు గొల్లున నవ్వింది. ప్రభుత్వ లాయరు గారు కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ మొదలుపెట్టారు. ఇతను మేజిస్ట్రేట్ గారి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, తీరినదాన్ని ఎత్తారు కాబట్టి ఈ బాబు వాకిలి ఊడవాలి తల్లీ అన్నాడు. నేను నా ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నవ్వలేదు. నన్ను నిలబెట్టి, ఏమిటిదని అడిగారు. బస్టాండులో విన్నదంతా చెప్పాను.

ఆవిడ అంతా విని, అతనితోనే నేరుగా మాట్లాడారు. వెనకటిది తీరిందని తను ఒప్పుకుంటున్నాననీ, కానీ చట్టం ఆ సంగతి అడగమంటుంది కాబట్టి లాయరు గారు అడిగారనీ, అందుకు ఆయన్ని ఏమీ అనకూడదనీ చెప్పారు. ఇప్పటిది కొత్తది, దీనికి వేరేగా కట్టాలి, మళ్ళీ వస్తే ఇక చీపురు ఉండదు, లోపలే అన్నారు. ఈసారి కోర్టు ఆవరణ ఊడవమన్నారు. అతను ఒప్పుకున్నాడు. ఆఖరి రోజు ఆవిడ తనంతట తనే వరండాలోకి వచ్చి "తీరిపోయింది" అన్నారు. అతను చెవి దగ్గర చెయ్యి పెట్టి, "గట్టిగా తల్లీ," అన్నాడు. ఆవిడ గట్టిగా అన్నారు. గేటు దగ్గర స్కూటరు తీస్తున్న ప్రభుత్వ లాయరు గారు ఆగి విన్నారు. అప్పటి నుంచి అతని పేరు అదే అయింది.

ఇదంతా నలుగురూ చెప్పుకుని నవ్వుకునే కథ. నేనూ చెప్పి నవ్వించినదాన్నే. మూడోసారి వచ్చినప్పుడు నాకు నవ్వు పోయింది.

అప్పుడు తెచ్చినవాడు వేరే కానిస్టేబులు, ఈ మధ్యనే బదిలీ మీద వచ్చిన కుర్రాడు. కాగితాల్లో ఉన్నది మామూలే: తాగి ఉన్నాడు, ఆటో స్టాండు దగ్గర గొడవ చేశాడు. నేను విసుగ్గా, మామూలుగా ఒప్పేసుకో, దండం పెట్టి అడుగుతాను, ఈసారికి కూడా చీపురుతో పోతుందేమో చూద్దాం అన్నాను. అతను ఒప్పుకోనన్నాడు. ఆ రోజు తను తాగలేదట. తాగి రోడ్డెక్కినవాడు అతని బామ్మర్ది. వాణ్ణి ఇంటికి లాక్కుపోదామని వెళ్తే, పోలీసులు వచ్చేసరికి వాడు పరిగెత్తాడు, ఇతను దొరికాడు.

నిజం చెప్తున్నాను, నేను నమ్మలేదు. తాగుడు మానేశావా అని అడిగాను. "మానేసినానని ఎవులన్నారు? ఆ రోజు తాగలేదంతన్నాను," అన్నాడు. అబద్ధం ఆడేవాడైతే మానేశానని చెప్పి ఉండేవాడు కదా అని నాకు అప్పుడు తట్టింది.

అయినా నా భయం నాకుంది. కాదంటే సాక్షులు, విచారణ, వాయిదాలు. వేట నిషేధం అప్పుడే ఎత్తేశారు. పడవలన్నీ నీళ్ళలో ఉన్నాయి. వాయిదా పడ్డప్పుడల్లా అతను ఒడ్డున ఉండిపోవాలి. మనిషి రాకపోతే పడవ యజమాని ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. ఈ వయసులో ఇంకో పడవలో చోటు దొరకడం కష్టం. ఒప్పుకుంటే ఒకపూట లాకప్పో, నాలుగు రోజులు ఊడవడమో, అంతటితో పోతుంది. ఇదంతా మొహం మీదే చెప్పాను. ఎవరి కోసం ఈ మొండితనం, నీ పరువు ఏ మాత్రం మిగిలిందని అడిగాను.

అప్పుడు అతను మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సెయ్యని తప్పు కడితే, సేసినవి కట్టింది కూడా ఉత్తిదే అయిపోతాదమ్మా. ఊడవమంటే ఎప్పుడైనా ఊడిసేస్తాడు, ఈడికి అలవాటే అనుకుంతారు. నాను కట్టినవి రెండూ నిజంగా కట్టినాను."

వకాల్తా మీద వేలిముద్ర వేయించుకున్నాను.

కేసు వానాకాలమంతా నడిచింది. అతను ప్రతి వాయిదాకీ అందరికంటే ముందే వచ్చి, వరండా చివర గొంతుక్కూర్చునేవాడు. తువ్వాలు ఎక్కడా కనిపించేది కాదు. భుజం మీద వేసుకుందామంటే కేసు ఉంది, నడుముకి కడదామంటే తప్పు చెయ్యలేదు, అందుకని ఇంట్లోనే వదిలేసి వస్తున్నాడట. వాన పడితే చేత్తోనే తల తుడుచుకునేవాడు. పడవలో అతని చోటు పోయింది. ఆ సంగతి నాకు అతను చెప్పలేదు, చేపలమ్మే ఆడవాళ్ళు చెప్పారు. నేను అడిగితే, ఒడ్డున వలలు బాగు చేసే పని ఉన్నాది కదమ్మా అన్నాడు.

విచారణ రోజు ఆ కుర్ర కానిస్టేబులు సాక్షి బోనెక్కాడు. ఇతను తాగి ఉన్నాడని ఎలా చెప్తున్నారని అడిగాను. నడక చూసి, కేకలు చూసి అన్నాడు. ఇతని కేకలు ఈ కోర్టులో అందరికీ తెలుసు, తాగనప్పుడు కూడా అంతే అన్నాను. గొట్టంలో ఊదించారా అని అడిగాను. లేదన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళారా? లేదు. ఎందుకు తీసుకెళ్ళలేదు? కుర్రాడు అబద్ధం ఆడే రకం కాదు. "అవసరం లేదనుకున్నానండి. ఇదివరకు రెండుసార్లు వచ్చినవాడే కదండి," అన్నాడు.

ఇతను ఇప్పుడు అరుస్తాడని అందరూ ముద్దాయి బోను వైపు చూశారు. అతను అరవలేదు. మేజిస్ట్రేట్ గారు కలం కింద పెట్టి ఆ కానిస్టేబుల్ని చాలాసేపు చూశారు. ప్రభుత్వ లాయరు గారు లేచి, తను అడగవలసింది ఏమీ లేదన్నారు. వారం తిరక్కుండా కేసు కొట్టేశారు.

బయటికి వచ్చాక, తీరిపోయిందని ఎవరితో చెప్పించమంటావని నేనే అడిగాను. ఆ రోజు నాకు అంత సంతోషంగా ఉంది. బస్టాండు మైకు దాకా అయినా వెళ్ళేదాన్ని. అతను తల అడ్డంగా ఆడించాడు. "కట్టింది ఉంటేనే తీరతాది. ఇప్పుడేటి కట్టినాను?" అన్నాడు. అంతలో ఆ కుర్ర కానిస్టేబులు మెట్లు దిగి వస్తున్నాడు. నా కోపం ఇంకా చల్లారలేదు, ఆ కుర్రాడి చేత వాకిలి ఊడ్పించాల్సిందే అన్నాను. "వొగ్గీయమ్మా. కొత్తోడు, తెలీక ఎత్తినాడు," అని, అతనికి దారి ఇచ్చి పక్కకి నిలబడ్డాడు. గేటు బయట అతని భార్య ఎదురుచూస్తోంది. గంపలోంచి మడత పెట్టిన తువ్వాలు తీసి ఇచ్చింది. అతను దాన్ని భుజం మీద వేసుకున్నాక ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. నేను అతన్ని చూడటం అదే ఆఖరు.

పెద్దకర్మకి వాళ్ళ ఊరు వెళ్ళాను. ఏ జబ్బుతో పోయాడో నేను అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. రామమందిరం ముందు టార్పాలిన్ కట్టారు. ఊరంతా అక్కడే ఉంది. లాయరమ్మ వచ్చింది, నాలుగు మాటలు చెప్పాలి అన్నారు. నాకు మాట్లాడటం వృత్తే కదా, లేచాను. అతను ఎంత నికార్సైన మనిషో, చెయ్యని తప్పు నెత్తిన వేసుకోకుండా ఎలా నిలబడ్డాడో చెప్పాలని నా తాపత్రయం. అది బాగా పండాలంటే మొదట్నుంచి రావాలి కదా. "మొదటిసారి తాగి కోర్టుకి వచ్చినప్పుడు," అని మొదలుపెట్టాను.

అంతే, టార్పాలిన్ కింద మాటలు ఆగిపోయాయి. నాకు ఇంకా అర్థం కాలేదు. మెచ్చుకుంటూ, రెండోసారి ఏమన్నాడో కూడా చెప్పబోయాను. ముందు వరసలో కూర్చున్న అతని భార్య లేచి లోపలికి వెళ్ళింది. ఏడుపు వచ్చి వెళ్ళిందనుకున్నాను. ఆవిడ ఈనెల చీపురు పట్టుకుని వచ్చి నా ముందు పెట్టింది. మొహంలో కోపం లేదు. "తీరినదాన్ని ఎత్తినావమ్మా," అంది.

నేను అందరి మొహాలూ చూశాను. ఒక్కరూ కూడా, పోన్లే పాపం, చదువుకున్నావిడ, మన పద్ధతులు తెలీవు అనలేదు. తెలీదనడానికి నాకు నోరు కూడా లేదు. ఆ పద్ధతి నాకు బస్టాండులో ఇతనే చెప్పాడు, నేనే దాన్ని కోర్టులో అందరికీ వివరించాను. చీర చెంగు నడుముకి దోపి, చీపురు అందుకున్నాను. సముద్రం మీంచి గాలి కొడుతోంది. మొదటి ఊపుకే దుమ్మంతా నా మీదికే వచ్చింది. అటునుంచి కాదమ్మా, ఇటునుంచి అని ఒకావిడ చెప్పింది. వాకిలి మొత్తం ఊడిచేదాకా ఊరు ఊరంతా కూర్చుని చూసింది. అయ్యాక పెద్దాయన ఒకాయన లేచి, సముద్రానికి వినపడేంత గట్టిగా, "తీరిపోనాది," అన్నాడు. అప్పుడు నాకు అన్నం వడ్డించారు.

ఇప్పుడు మళ్ళీ ఇదంతా రాశాను. ఎప్పుడో తీరినవి, నలుగురిలో తీరినవి, అన్నీ ఒకటొకటిగా ఎత్తాను. ఎత్తకుండా అతన్ని చూపించడం నాకు చేతకాలేదు. పేరు రాయకుండా ఆగాను, కానీ ఆ ఊళ్ళో ఆ మినహాయింపు చెల్లదు. ఆదివారం పొద్దున్న బస్సుకి వెళ్తున్నాను. చీపురు వాళ్ళు ఇస్తారు.